మడత మీద గీసిన నేలమాళిగ

గల్ఫ్‌లో, మిర్కాబ్ పేటలో మా టైలర్ షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది బట్టల కోసం వస్తే, తక్కిన సగం నా మాటల కోసం వచ్చేవాళ్లు. దుమ్ముగాలికి తీగ మీద ఆరేసిన దిష్‌దాషా ఒకటి, అదే ఇక్కడి మగవాళ్లు తొడిగే పొడుగు చొక్కా, ఎగిరిపోయి సరిహద్దు దాటి బస్రా చేరి, మూడో రోజు ఇస్త్రీ చేయించుకుని తిరిగొచ్చిందని చెబితే, అబద్ధమని తెలిసి కూడా అది ఏ గుడ్డ అని అడిగినవాళ్లున్నారు. ఇలాంటివి చెప్పినందుకు నేనెన్నడూ సిగ్గుపడలేదు. ఒక్కదానికి మాత్రం పడ్డాను. అది ఒక వీడియో గేమ్ గురించి చెప్పిన మాట.

తొంభైల నడిమిలో మేం ఐదుగురం షాపు వెనక గదిలో ఉండేవాళ్లం. నేను కడప జిల్లా నుంచి వచ్చిన కటింగ్ మాస్టర్‌ని. జగిత్యాల వైపు నుంచి వచ్చిన డ్రైవర్ ఒకాయన, హోటల్లో పనిచేసే వంటాయన, ఏసీలు బాగుచేసే మెకానిక్ ఒకడు, బకాలాలో, అంటే వీధి చివరి కిరాణా కొట్టులో, పనిచేసే ఇంకొకడు. గదిలో పేర్లతో పిలుచుకున్నది తక్కువ. చేసే పనే పేరు.

వీడియో గేమ్ తెచ్చింది అక్క. గోదావరి జిల్లా మనిషి, మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేసేది. యజమానురాలిని ఇక్కడ పనివాళ్లు మామా అంటారు. ఆ మామా బట్టలు కుట్టించడానికి అక్కనే పంపేది. ఒక శుక్రవారం పొద్దున అక్క బట్టల సంచితో పాటు ఇంకో సంచి కూడా కౌంటర్ మీద పెట్టింది.

“పిల్లలకి కొత్తది కొన్నారంట. ఇది పారెయ్యమంది మామా. ఎలాగూ పారెయ్యాలి కదా, మీ గుమ్మంలో పారేశాననుకోండి.”

సంచిలో ఆట పెట్టె, ఒక రిమోట్, ఒకే ఒక్క క్యాసెట్. కారు రేసు అయి ఉంటుందని టీవీకి తగిలించాం. కారు లేదు, తుపాకీ లేదు. ఇటుక గోడల మధ్య నిలబడ్డాం. ముందు గోడ, కుడి గోడ, ఎడమ పక్క చీకటి. ఒక అడుగు వేస్తే ఇంకో గోడ. మనుషులెవరూ కనబడరు, ఎందుకంటే ఆ మనుషులం మేమే. ఊరి కింద ఒకదాని కింద ఒకటిగా పది నేలమాళిగలు, అట్టడుగున ఒక మాంత్రికుడు. ఆరుగురిని కూడగట్టుకుని వాడి దాకా దిగాలి, మధ్యలో కనబడ్డవాళ్లతో కొట్లాడాలి. మొదటి రోజు మేం ఏడుసార్లు చచ్చాం. వంటాయన అయితే, ఇంతకంటే మా హోటల్లో శుక్రవారం రద్దీ నయం అని లేచి వెళ్లిపోయాడు.

దారి చూపింది మా వీధిలో ఒక ఆఫీసులో పనిచేసే ఈజిప్టు పెద్దమనిషి. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చి, లోపల గదిలో టీవీ చూసి నిలబడిపోయాడు. ఈ ఆట మొదట కంప్యూటర్‌లో పుట్టిందనీ, తన దగ్గర అదుందనీ చెప్పి, ఒక రోజు ఆఫీసుకు పిలిచి చూపించాడు. నల్లటి తెర మీద తెల్ల గీతలు, అంతే. ఇటుకలు లేవు, సంగీతం లేదు, రాక్షసులు కూడా పిల్లలు గీసిన బొమ్మల్లా ఉన్నారు. మాదే బాగుందనిపించింది నాకు. ఆయన నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పాడు. “ఏ పెట్టెలోకి మార్చినా గోడల రంగే మారుతుంది, దారులు మారవు. నువ్వు మ్యాప్ గియ్యి. మ్యాప్ లేకుండా దిగినవాడు పైకి రాడు.”

మ్యాప్ గియ్యమంటే నాకు పండగే. ఖాకీ కాగితం నా దగ్గర చుట్టలు చుట్టలుగా ఉంటుంది, స్కేలు ఉంది, చాక్ ముక్క ఉంది. ఒక్కో నేలమాళిగ అడ్డం ఇరవై గళ్లు, నిలువు ఇరవై గళ్లు. గడికి ఒక అంగుళం. నేను కాగితం చూసి దారి చెప్పడం, డ్రైవర్ రిమోట్ తిప్పడం. రోజంతా స్టీరింగ్ తిప్పే మనిషికి కాక ఇంకెవరికిస్తాం రిమోట్?

ఆటలో మనుషులకు పేర్లు పెట్టమంటే మా పనులే పెట్టాం. టైలర్, డ్రైవర్, కుక్, ఏసీ, బకాలా. ఆరో మనిషి గాయాలు మాన్పేవాడు కావాలి. పెట్టె తెచ్చిన మనిషిని వదిలేస్తే బాగుండదని అక్క పేరు పెట్టాం.

“నన్ను దేనిగా పెట్టార్రా?” అని అడిగింది మరుసటి శుక్రవారం.

“ప్రార్థన చేసి దెబ్బలు మాన్పేదానివి అక్కా.”

“పాస్టరమ్మనా? మా చర్చిలో తెలిస్తే వారం రోజులు నవ్వుతారు. సరే ఉంచండి. నన్ను మాత్రం వెనక వరసలో నిలబెట్టండి. ముందు మీరు చావండి, తర్వాత చూద్దాం.”

అలా ఏడాది పాటు శుక్రవారాలు గడిచాయి. ఏడు నేలమాళిగలు దాటాం. ఏడు కాగితాలు గోడకు అంటించాను.

ఎనిమిదోదాని దగ్గర నేను చేసిన పని టైలర్ తప్ప ఇంకెవడూ చెయ్యడు. మేం చొక్కా గీసేటప్పుడు మొత్తం చొక్కా గియ్యం. గుడ్డను మధ్యకు మడిచి, మడత మీద సగం గీస్తాం. అలా కత్తిరించి విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. మనిషి ఎడమ కుడి ఒకటే అని నమ్మి చేసే పని ఇది. ఎనిమిదో నేలమాళిగలో మొదటి ఐదు వరసలు తిరిగేసరికి కుడి పక్క ఎలా ఉందో ఎడమ పక్క అలాగే ఉంది. అక్కడో తలుపుంటే ఇక్కడో తలుపు. అక్కడో మలుపుంటే ఇక్కడో మలుపు. నాలుగింటికి షాపు తెరవాలి, టైము లేదు. నా చెయ్యి నన్ను అడక్కుండానే కాగితాన్ని మధ్యకు మడిచింది. కుడి సగం మాత్రమే తిరిగి గీశాను.

తర్వాతి శుక్రవారం ఎడమ పక్కకు దిగాం. నేను మడత తిప్పి చూస్తూ చెబుతున్నాను. ముందుకు మూడు, ఎడమకు తిరుగు, రెండు. ఒక మూల దగ్గర డ్రైవర్ ఆగాడు.

“మాస్టర్, పక్కానా?”

“పక్కా అన్నా. పోనీ.”

అడుగు వేశాడు. నేల లేదు. గోతిలో పడ్డాం, సగం ప్రాణాలు అక్కడే పోయాయి. లేచేసరికి ఏవేవో చుట్టుముట్టాయి. టీ తాగినంత సేపట్లో ఆరుగురూ పోయారు. ఈ ఆటలో చచ్చినవాళ్లు మాయం కారు. పడినచోటే పడుంటారు. ఇంకో గుంపును తయారుచేసి పంపి, శవాలను మోసుకొచ్చి, ఊళ్లో గుడిలో బతికించుకోవాలి. ఊరికి దూరంగా బతికే మాకు ఆ సంగతి ఎవరూ వివరించి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

వంటాయన గరిటె పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. “ఏమైందప్పా, గమ్మునున్నారు?”

నేను కాగితం వైపు ఒకసారి చూశాను. మడత విప్పితే అటు పక్క తెల్లగా ఉంది. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాను. నోరు ఊరుకోలేదు.

“ఏముంది, మన డ్రైవర్‌కు కుడెడమ తెలీక ఆరుమందిని గోతిలో దించినాడు.”

అందరూ నవ్వారు. డ్రైవర్ కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు దగ్గర ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆపలేదు. షాపులో చెప్పాను, పెళ్లి విందుల్లో చెప్పాను, పండగ కలయికల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గొయ్యి లోతైంది. ఒకసారి డ్రైవర్ హారన్ కొట్టబోయాడని కలిపాను, ఇంకోసారి రివర్సు గేరు వెతికాడని కలిపాను. వినేవాళ్లు కడుపు పట్టుకునేవాళ్లు. నాలుగు నెలలకు డ్రైవర్ గది ఖాళీ చేసి జహ్రా వెళ్లిపోయాడు. అక్కడ పొలాలకు నీళ్ల ట్యాంకర్ తోలే పని దొరికిందన్నాడు. మరి ఆ ఆరుగురి సంగతేమిటని ఎవరైనా అడిగితే, నేనొక్కణ్నే దిగి మోసుకొచ్చానని చెప్పేవాణ్ని. నిజానికి ఆ పెట్టెను గుడ్డలో చుట్టి అటక మీదికి తోసేశాను.

పదహారేళ్లు గడిచాయి. గదిలోవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లకు చేరుకున్నారు. షాపులో నేను, నా నోరు మిగిలాం.

ఒక రోజు డ్రైవర్ లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట లేదు, ట్యాంకర్ తోలేవాళ్లకు ఉండే ఎండ మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి.

“మాస్టర్, ఒక సఫారి కుట్టాలె. పోయేటప్పుడు ఏసుకొని పోత.”

“సెలవా అన్నా?”

“సెలవు గాదు, ఖలాస్. కఫీల్ ఇఖామా రద్దు చేస్తుండు. టికెట్ గూడ అయింది. మూడు వారాలున్నయ్.”

ఇక్కడ ఉండనిచ్చే కాగితం ఇఖామా, దాన్ని ఇప్పించే యజమాని కఫీల్. టేపు తీసి భుజాలు కొలిచాను. చేతులు కొలిచాను. నడుముకు టేపు చుడుతుంటే పైనుంచి మాట వినబడింది.

“ఒకటడుగుత. ఆ ఆర్గురిని నువ్వు పైకి తెచ్చినవట గదా.”

“తెచ్చినా,” అన్నాను.

“నేను కుడి దిక్కు మలిపిన్నా, ఎడమ దిక్కు మలిపిన్నా, ఇప్పటికి సమజైతలేదు. ట్యాంకర్ తోలుకుంట మస్తు సార్లు ఆలోచించిన. నువ్వు చెప్పినట్టే తిప్పిన అనిపిస్తది. మల్ల అందరు నేనే ముంచిన అంటరు. అందరనంగ అబద్ధమెట్లయితది, నాకే యాదికి లేదేమో అనుకుంట.” చేతులెత్తి టేపుకు చోటిచ్చాడు. “పోయేముందు ఒకసారి చూపెట్టు. ఆర్గురు బతికున్నది సూసి పోత.”

“దాందేముంది, చూపిస్తా,” అన్నాను. ఆయన వెళ్లాక చూసుకుంటే పొట్ట లేని మనిషికి నడుము యాభై రెండు అంగుళాలని రాసి ఉంది. కొట్టేసి కంటి కొలత వేసుకున్నాను.

దారి ఉంది అనుకున్నాను. హవల్లీలో పాత గేమ్‌ల దుకాణాల్లో వెతికితే అదే ఆట కొత్త పెట్టె కోసం మళ్లీ తయారుచేసింది దొరికింది. పెట్టెతో సహా తెచ్చుకున్నాను. అందులో అవే ఆరు పేర్లతో ఆరుగురిని పుట్టించి, కొంచెం పెంచి, ఇదిగో బతికే ఉన్నారని చూపించడం నా ఎత్తు.

కొత్తదాంట్లో గోడలకు నాచు పట్టింది, దివిటీలు రెపరెపలాడుతున్నాయి, రాక్షసులు ఊపిరి తీస్తున్నారు. ముఖ్యంగా, అడుగు వేస్తే చాలు, తెర మూల మ్యాప్ దానంతటదే గీసుకుంటోంది. మొదట ముచ్చటేసింది. రెండు రోజులకు విసుగొచ్చింది. దర్జీని కూర్చోబెట్టి రెడీమేడ్ చొక్కా తొడిగినట్టుంది. పాతదాంట్లో ఒక్కో గడీ నా చేతి మీదుగా వచ్చింది. అందుకే ఏ మూల ఏముందో ఇప్పటికీ అరచేతిలో ఉంది. దీంట్లో పది గదులు తిరిగినా ఒక్కటీ గుర్తుండదు. అయినా ఈ పెట్టెకు ఒక గుణముంది. అది మొహమాటపడదు. ఎవరో ముందే బాగా పెంచి వదిలేసిన గుంపు ఒకటి అందులో ఉంటే, దాన్ని పట్టుకుని ఎనిమిదో నేలమాళిగకు దిగాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షాపు మూత. ఆ మూడు గంటలూ గోడ వెంట గోడ తిరిగాను. తెర మూల మ్యాప్ నిండుతూ వచ్చింది.

ఐదు వరసల దాకా కుడీ ఎడమా ఒక్కటే. ఆరో వరస నుంచి ఎడమ పక్క పూర్తిగా వేరు. నేను తలుపనుకున్న చోట గోడ. నేను దారి అని చెప్పిన చోట గొయ్యి.

ఆ గుంపును పక్కన పెట్టి, మన పేర్లతో నేను పుట్టించిన ఆరుగురిని తెర మీదికి తెస్తుండగా అక్క వచ్చింది. ఇప్పుడామె రుమైథియాలో ఉంటోంది, మామా కూతురి ఇంట్లో. మోకాళ్లు నొప్పులు, జుట్టుకు రంగు, మాట మాత్రం అదే. తెర మీద ఆరు పేర్లు చూసింది.

“ఎవర్రా వీళ్లు?”

“మనమే అక్కా. డ్రైవర్ అన్న ఊరికి పోతాన్నాడు. చూపించమన్నాడు.”

“ఇవి మన మొహాలు కావు. నిన్న పుట్టినోళ్లు. మనోళ్లు ఆ పాతదాన్లో కదా చచ్చింది?” స్టూలు లాక్కుని కూర్చుంది. “అతను జహ్రా ఎందుకెళ్లాడో తెలుసా నీకు?”

“పని దొరికిందని.”

“ఇక్కడ దొరక్కపోతే అక్కడ దొరికింది. ఒకింట్లో డ్రైవర్ కావాలంటే నేనే అతని మాట చెప్పాను. చిన్న కుటుంబం, మంచి గది, అన్నీ కుదిరాయి. తీరా ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి వాళ్ల మామాకి చెప్పేసింది, ఆరుగుర్ని చంపిన డ్రైవర్ అంట అని. నీ కథ ఎక్కడో విందది. అది టీవీలో ఆటని దానికెవరు చెప్పారు? మామా ‘లా’, వద్దు అంది. ఇంకేముంది, అయిపోయింది.”

ఎండలో ట్యాంకర్ పదహారేళ్లు. రిమోట్ కింద పెట్టేశాను.

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“చెబితే దాన్ని కూడా కథ కట్టేసి చెప్తావని.”

ఆ కొత్త పెట్టెను ఆపేశాను. ఆ ఆరుగురు నిన్న పుట్టినవాళ్లే. వాళ్లను చూపించి డ్రైవర్‌ను పంపిస్తే, కుడి తిప్పానా ఎడమ తిప్పానా అనే ప్రశ్నను కూడా సామానుతో పాటు మోసుకుపోతాడు. పాత క్యాసెట్‌లోనే దిగాలి. ఆ ఆరుగురినే తేవాలి. ఆ తర్వాత నిజం చెప్పాలి. మూడు వారాల్లో ఐదు రోజులు అప్పటికే పోయాయి.

అటక మీది మూట దించాను. పక్క వీధిలో ఫోన్లు రిపేరు చేసే మలయాళీ క్యాసెట్ విప్పి చూశాడు. ఆట దాచుకున్నది లోపల ఉన్న చిన్న గుండ్రటి బ్యాటరీ మీద బతుకుతోందట. మారిస్తే దాచుకున్నదంతా పోతుంది, మార్చకపోతే ఇవాళో రేపో అదే పోతుంది అన్నాడు. ముట్టుకోవద్దని చెప్పి జాగ్రత్తగా బిగించి ఇమ్మన్నాను. పాత టీవీ ఒకటి సంపాదించి తగిలించాను. తెర వెలిగింది. పేర్ల పట్టీ వచ్చింది. టైలర్, డ్రైవర్, కుక్, ఏసీ, బకాలా, అక్క. ఆరింటి పక్కనా ఒకటే మాట, చనిపోయారు. వాళ్లు చచ్చి ఉన్నందుకు నేను అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు.

కొత్తగా ముగ్గురిని పుట్టించాను. గుంపులో ఆరుగురికే చోటు కాబట్టి, ముగ్గురు బతికినవాళ్లు దిగితే ముగ్గురు శవాలను మొయ్యగలరు. రెండుసార్లు వెళ్లాలి. ఈసారి పేర్లతో వేషాలు వెయ్యలేదు. ఒకటి, రెండు, మూడు అని పెట్టాను. ఖాకీ కాగితాలు రెండు అతికించి, మడత లేకుండా బల్ల మీద పరిచి, కొత్త పెట్టె చూపించిన మ్యాప్‌ను అంగుళం అంగుళం ఎక్కించాను. అంతటితో నమ్మలేదు. పాతదాంట్లో దిగి ప్రతి గడినీ కాలితో తొక్కి, సరిపోయాకే పెన్సిల్ గీత మీద పెన్ను పెట్టాను. ఈజిప్టు పెద్దమనిషి చెప్పింది నిజమే. గోడల రంగే మారింది.

ముగ్గురిలో ఇద్దరు రోజూ చచ్చేవాళ్లు. ఇద్దరిని మోసుకుని మూడోవాడు పైకి పాకేవాడు. మధ్యాహ్నపు కునుకు మానేశాను. అన్నం పక్కనే పెట్టుకుని ఒక చేత్తో తినేవాణ్ని. ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ తియ్యాలి, లేకుంటే దాచుకున్నది చెరిగిపోవచ్చు. ఆ బటన్ మీద వేలు ఎంత గట్టిగా పెట్టేవాణ్నంటే గోరు నల్లబడింది. అది అబద్ధం కాదు, అక్కను అడగండి.

షాపుకు వచ్చినవాళ్లు ఒక కథ చెప్పమంటే, పని ఉందని కొలతలు తీసుకుని పంపించేశాను. నాకు జ్వరమేమోనని ఒకాయన మందు బిళ్లలు తెచ్చిచ్చాడు.

రెండో వారం చివర మొదటి దిగుడు. గొయ్యి పక్కన వెతికితే శవాలు దొరికాయి. కుక్, ఏసీ, అక్క. ఎత్తుకున్నాను. మెట్ల దాకా పది అడుగులు వేసేలోపు రెండు కొట్లాటలు. ఒకడు పడిపోబోయి నిలబడ్డాడు. పైకి వచ్చాం. గుడిలో బతికించడం నమ్మకం లేని పని. ప్రార్థన తప్పితే శవం బూడిదవుతుంది. బూడిద మీద కూడా తప్పితే ఆ మనిషి పేరే పట్టీలో ఉండదు. అక్క మొదటిసారికే లేచింది. ఏసీ లేచాడు. వంటాయన బూడిదయ్యాడు. జీవితమంతా పొయ్యి ముందు నిలబడ్డవాడికి ఇదేం కర్మ అనుకుంటూ రెండో ప్రార్థన చేయించాను. కళ్లు మూసుకుని బటన్ నొక్కాను. లేచాడు.

మిగిలిన ముగ్గురిని కిందే ఉంచాను. అది డ్రైవర్ లేకుండా చేసే పని కాదు.

ఆఖరి శుక్రవారం పొద్దున పదింటికి ఆయన వచ్చాడు. ఆదివారం ప్రయాణం. అక్క టీ పెట్టింది. సఫారి తొడిగి అద్దం ముందు నిలబడ్డాడు, నడుము సరిపోయింది. తర్వాత టీవీ ముందు కూర్చోబెట్టి, బల్ల మీద రెండు కాగితాలు పెట్టాను. ఒకటి పాతది, మడత మీద సగం గీసింది. రెండోది కొత్తది, మొత్తం.

“అన్నా, నేను పైకి తెచ్చినాననేది అబద్ధం. ముగ్గుర్ని మొన్న తెచ్చినా. ముగ్గురు ఇంకా కిందనే ఉండారు. నువ్వు తప్పు తిప్పలేదు. నేను సగమే గీసినా. తక్కిన సగం ఇట్లనే ఉంటాదిలే అని మడత చూసి చెప్పినా. నువ్వు నేను చెప్పినట్టే తిప్పినావు.”

డ్రైవర్ పాత కాగితాన్ని విప్పాడు. ఖాళీ సగం మీద వేలు పెట్టి, ఆరో వరస దాకా జరిపాడు.

“నేనడిగిన గదా, పక్కానా అని.”

“అడిగినావు.”

“పక్కా అన్నవ్.”

“అన్నా.”

“డ్రైవర్ ముంచిండని ముందుగాల అన్నదెవలు?”

“నేనే.”

టీ గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దించాడు. “ఆ రోజే ఎర్కనా నీకు?”

“కాగితం విప్పి చూసినా. అప్పుడే తెలిసింది.”

అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన లేచి వెళ్లిపోతాడని అనుకున్నాను.

“రిమోట్ ఇటియ్,” అన్నాడు.

ఇచ్చాను. ముగ్గురిని నడిపించుకుంటూ దిగాడు. పదహారేళ్లు ముట్టుకోని చెయ్యి, అయినా మలుపుల దగ్గర నెమ్మదించడం మానలేదు. ఎనిమిదోది చేరాక ఆగి నా వైపు చూశాడు.

“చెప్పు మరి. చెప్పుడు నీ పని గదా.”

చెప్పాను. ముందుకు మూడు. కుడికి తిరుగు. నాలుగు. తలుపు. ఆ మూల వచ్చింది. ఆయన బొటనవేలు బటన్ మీద నిలిచిపోయింది.

“పక్కానా?”

“ఎడమకు వద్దు. కుడి నుంచి చుట్టి రావల్ల. రెండుసార్లు నడిచి చూసినా అన్నా.”

చుట్టి వెళ్లాడు. గొయ్యి పక్కన ముగ్గురు దొరికారు. టైలర్, బకాలా, డ్రైవర్. వస్తుంటే మెట్ల ముందు ఏవో అడ్డం పడ్డాయి. నేనైతే పారిపోయేవాణ్ని. ఆయన తొందరపడకుండా ఒక్కొక్కదాన్ని పడగొట్టి, దారి ఖాళీ అయ్యాకే కదిలాడు. గుడి దగ్గర బకాలాను లేపాడు. తర్వాత నన్ను.

“ఇతన్ని ఇంకో పదేళ్లు అక్కడే ఉంచాల్సింది,” అంది అక్క.

చివర తనను తాను లేపుకున్నాడు. పట్టీలో ఆరు పేర్లూ వరసగా బతికున్నాయి. వాటి వైపు చాలాసేపు చూశాడు.

“ఇది ఈ గదిల ముగ్గురికి ఎర్కైంది,” అన్నాడు. “నువ్వు చెప్పింది ఎంతమందికి ఎర్కుంది మాస్టర్?”

నాకే లెక్క తెలియదు.

“నేను ఎల్లుండి పోత. ఊర్లె దిగంగనే గల్ఫ్ పోయొచ్చినోళ్లు ఎవలన్న అదే మాట అంటరు. నేను చెప్తే తప్పించుకుంటుండు అంటరు. నువ్వు చెప్పాలె. నీ నోటితోటే పోవాలె అది.”

ఫోన్ తీశాను. ముందు వంటాయన. రాజంపేటలో సొంత హోటల్ పెట్టుకున్నాడు. స్పీకర్ పెట్టి మొత్తం చెప్పాను. అటు పక్క నవ్వు.

“మొదలుపెట్టినావా మాస్టరూ? అన్న పోతాన్నాడని మనసు చల్లబరచను చెప్తాండావు గదా. నీ కథలు నాకు తెలీవా?”

“కథ కాదబ్బా.”

“ప్రతిసారీ ఇదే మాట అంటావు.”

డ్రైవర్ తల వంచుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. జీవితంలో మొదటిసారి ఒక మాట నమ్మించాల్సి వచ్చింది, అది నిజమే, కానీ నా నోటి నుంచి వచ్చినందుకే ఆయన నమ్మడం లేదు. మళ్లీ మొదలుపెట్టాను. రంగు వెయ్యలేదు. ఆరో వరస, ఎడమ నుంచి నాలుగో గడి, నేను తలుపని చెప్పిన చోట గోడ, ఆ పక్కన గొయ్యి. పక్కానా అని ఆయన అడిగాడు. పక్కా అని నేనన్నాను. గరిటె పట్టుకుని నువ్వు తలుపు దగ్గరికి వచ్చినప్పుడు కాగితం నా జేబులో ఉంది. అంతే.

అటు పక్క పొయ్యి ఆపిన చప్పుడు వినబడింది.

“నువ్వు చెప్పేటప్పుడు మధ్యలో నువ్వే నవ్వుతావు మాస్టరూ,” అన్నాడు వంటాయన. “ఇప్పుడు నవ్వలా. అన్న అక్కడుండాడా? ఒకసారి ఇయ్యి.”

ఫోన్ డ్రైవర్‌కు ఇచ్చాను. వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు, బయటికి వచ్చి షట్టర్ దగ్గర నిలబడ్డాను. తిరిగి లోపలికి వెళ్లేసరికి డ్రైవర్ చల్లారిన టీ తాగుతున్నాడు. ఫోన్ నా వైపు జరిపాడు.

“ఏసీ మెకానిక్ తర్వాత, బకాలా అతను,” అన్నాడు. “మల్ల ఆ పెండ్లి విందులల్ల విన్నోళ్లు.”

“నీ కథ విని వాళ్ల మామాకి చెప్పిన ఆ అమ్మాయి ఇంకా ఇక్కడే ఉంది,” అంది అక్క. “నంబరు నేనిస్తా. కానీ చెప్పేది నువ్వే.”

నాలుగింటికి ఎవరో షట్టర్ తట్టారు. తర్వాత రమ్మని లోపలి నుంచే అరిచి, మెకానిక్ నంబరు కలిపాను.